యుద్ధకథలో వీరం, బీభత్సం: ఒకే చిన్నకథలో రెండూ ఎలా నిలబడతాయి?

కొత్తచిగురు
అందరికీ నమస్కారం. ఒక కథ నిర్మాణం గురించి సలహా కావాలి. నిడివి 2,500 పదాలు. స్థలం ఫ్రాన్సు, కాలం 1916 వేసవి. ఇండియన్ పదాతిదళంలో ఓ లైన్‌మన్. ఫిరంగి దెబ్బకు తెగిన టెలిఫోన్ తీగని అతికించడానికి కందకం దాటి వెళ్తాడు. మొదటి సగం అతని తెగువ. రెండో సగం దారిలో అతను చూసిన పీనుగులు, మూలుగులు, చివరికి అతని చావు. చదివినవాళ్ళందరిదీ ఒకటే మాట, రెండు కథలు తెచ్చి కుట్టినట్టుందని. వీరం తగ్గించాలా, బీభత్సం తగ్గించాలా?

మార్జిన్‌గీత
ఏదీ తగ్గించొద్దు. పంపకం మానేయండి చాలు.

మొదటి సగం పొంగించి రెండో సగం చల్లార్చే కథకి ఒక జబ్బుంది. మూడో పేరా దగ్గరే పాఠకుడు పసిగట్టేస్తాడు. "ఇంతలా పొగుడుతున్నారంటే వీణ్ణి చంపబోతున్నారు" అనుకుని మనసు దూరంగా పెట్టుకుని చదువుతాడు. ఆ తర్వాత మీరు ఎన్ని పీనుగుల్ని పరిచినా అతనికి అంటదు.

నవలకైతే 300 పేజీలుంటాయి, ఉత్సాహం మెల్లమెల్లగా కుళ్ళడం చూపించొచ్చు. 2,500 పదాల్లో అంత వ్యవధి ఎక్కడిది? కాబట్టి వీరమైన పనీ అదే కావాలి, భయంకరమైన పనీ అదే కావాలి. తీగ అతికించడమనే పనిలోనే రెండూ ఉన్నాయేమో వెతకండి. లేవంటే పని మార్చండి.

చుక్కాని
పై మాటకి సరిగ్గా సరిపోయే కథ స్టీఫెన్ క్రేన్ రాసిన "ఎ మిస్టరీ ఆఫ్ హీరోయిజం", 1895 నాటిది. కాలిన్స్ అనే సిపాయికి దాహం. గుళ్ళు పడుతున్న మైదానం అవతల బావి ఉంది. తోటివాళ్ళు రెచ్చగొడతారు, వెళ్తాడు. తిరిగొచ్చే దారిలో చావుబతుకుల్లో ఉన్న ఓ అధికారి నీళ్ళడుగుతాడు. కాలిన్స్ ముందు దాటి పారిపోతాడు, మళ్ళీ వెనక్కొస్తాడు. చేతులు వణికి నీళ్ళు ఆ మనిషి మొహమంతా ఒలుకుతాయి. తీరా దళం దగ్గరికి చేరాక ఇద్దరు కుర్ర లెఫ్టినెంట్ల పరాచికాల్లో బకెట్ కిందపడి ఖాళీ.

గమనించాల్సింది బకెట్‌ని. తెగువ అందులోనే ఉంది, జాలి అందులోనే ఉంది, వృథా కూడా అందులోనే ఉంది. యుద్ధం మంచిదా చెడ్డదా అని క్రేన్ ఒక్క ముక్క అనడు.

హిందీలో చంద్రధర్ శర్మ గులేరీ కథ "ఉస్నే కహా థా" 1915లో వచ్చింది. మీ కథాస్థలానికి దగ్గరది కూడా. దాడి అయిపోయాక జమాదార్ లహనాసింగ్ తన పక్కటెముకల్లో పడ్డ తూటా గాయాన్ని కందకంలోని తడిమట్టితో పూడ్చి, పైన తలపాగా గుడ్డ బిగించి కట్టేస్తాడు. పెద్ద గాయం తగిలిందని ఎవరికీ తెలియనివ్వడు. అదే అతని త్యాగం, అదే అతని చావు. గాయం గురించి ఉన్నది రెండు మూడు వాక్యాలు. మన కథల్లోనైతే రెండు పేజీల నెత్తురు పారేది.

ఎదురుప్రశ్న
నాదో మొండి ప్రశ్న. అసలు వీరం ఎందుకు? ఎంత జాగ్రత్తగా రాసినా తెగువ చూపించిన ప్రతి పేరా సైన్యంలో చేరమనే గోడపత్రికగా పనికొస్తుంది. బీభత్సం ఒక్కటీ రాస్తే ఆ ప్రమాదం ఉండదు కదా.

చుక్కాని
@ఎదురుప్రశ్న, బీభత్సం ఒక్కటే ఉన్న కథలో ఆ మనిషి అక్కడికి ఎందుకొచ్చాడో అర్థం కాదు. పాఠకుడు "పాపం" అని పక్కకి తప్పుకుంటాడు. తనక్కూడా వెళ్ళాలనిపించినప్పుడే వెళ్ళిన చోటు అతన్ని భయపెడుతుంది.

అంబ్రోస్ బియర్స్ 1889 కథ "చికమాగా" చూడండి. చికమాగా అమెరికా అంతర్యుద్ధంలోని ఒక పోరు, 1863లో అందులో ఆయన స్వయంగా ఉన్నాడు. కథలో ఆరేళ్ళ పిల్లాడు చెక్కకత్తితో అడవిలో యుద్ధం ఆడుకుంటుంటాడు. గాయపడ్డ సైనికులు వందలకొద్దీ వాగువైపు పాకుతుంటే వాడికది ఆటలా కనిపిస్తుంది. కత్తి ఎత్తి వాళ్ళకి ముందు నడుస్తాడు. వాడికి చెవులు వినబడవు, మాట రాదు. ఆ సంగతి రచయిత చివర్లో గాని చెప్పడు. వీరమంతా పిల్లాడి తలలో, బీభత్సమంతా మన కళ్ళముందు, దృశ్యం ఒక్కటే. గోడపత్రికకి ఈ కథలో ఏ పేరా పనికొస్తుందో చెప్పండి.

ఎదురుప్రశ్న
ఒప్పుకుంటాను, ఆ కథలో ఏదీ పనికిరాదు. కానీ బియర్స్ స్థాయి లేనివాళ్ళ సంగతేంటి? :)

ధ్వనిపక్షం
ఈ చిక్కు మన లాక్షణికులు ఎప్పుడో చర్చించిందే. వీరరసానికి స్థాయిభావం, అంటే మూలంగా నిలిచే భావం, ఉత్సాహం; భయానకానికి భయం, బీభత్సానికి జుగుప్స. వీర భయానకాలు ఒకే ఆశ్రయంలో, అంటే ఒకే పాత్రలో, ఒకేసారి పొసగవన్నారు. ధ్వన్యాలోకం అనే అలంకారశాస్త్ర గ్రంథం మూడో ఉద్ద్యోతంలో, అంటే మూడో అధ్యాయంలో, ఆనందవర్ధనుడు విరుగుడూ చెప్పాడు. ఆశ్రయం మార్చడం ఒక దారి: ఉత్సాహం నాయకుడిది, భయం ఎదుటివాడిది. విరోధించే రెండు రసాల నడుమ మూడోదాన్ని నిలబెట్టడం ఇంకో దారి. ఒకదాన్ని రెండోదానికి అంగం, అంటే దాన్ని పోషించే భాగం, చేయడం మరొకటి.

మూడోదారికి మహాభారతం స్త్రీపర్వంలో కౌరవపక్ష యోధుడు భూరిశ్రవుడి చెయ్యిని మించిన ఉదాహరణ లేదు. రణభూమిలో తెగిపడిన ఆ చేతిని భార్య ఒళ్ళో పెట్టుకుని, నా మొలనూలు లాగిన చెయ్యి ఇదేగా అని ఏడుస్తుంది. శృంగారం జ్ఞాపకంగా వచ్చి శోకాన్ని రెట్టింపు చేసింది. మమ్మటుడనే లాక్షణికుడు కావ్యప్రకాశంలో ఈ శ్లోకాన్నే చూపించాడు.

కొత్తచిగురు గారి కథకి మొదటి దారి సరిపోతుంది. లైన్‌మన్ మనసులో భయం రాయొద్దు. అతనికి చేతినిండా పని ఉంది. భయమంతా కందకంలో రిసీవర్ చెవికి ఆనించుకుని కూర్చున్నవాడిది. తీగ అతికేదాకా అతనికి ఏమీ వినబడదు.

ఎదురుప్రశ్న
@ధ్వనిపక్షం గారూ, మరి క్రేన్ కథలో కాలిన్స్ ఒక్కడే భయపడ్డాడు, ఒక్కడే తెగించాడు. ఆశ్రయం ఒక్కటేగా?

ధ్వనిపక్షం
ఆశ్రయం ఒక్కటే, క్షణం ఒక్కటి కాదు. ముందు పారిపోయాడు, తర్వాత తిరిగొచ్చాడు. ఆ రెంటి నడుమ అతను ఆగి తిరిగిన చోట కథంతా ఉంది. "భయపడుతూనే ధైర్యంగా నడిచాడు" అని ఒకే వాక్యంలో కలిపి రాసి ఉంటే రెండూ చచ్చేవి. ఈ తరహా వాక్యం కనిపిస్తే కొట్టేయడమే.

తూటామందు
కథ గురించి పెద్దలు చెప్తున్నారు. నేను సరంజామా గురించి చెప్తాను. యుద్ధకథ మీద నమ్మకం పోయేది ఎక్కువగా ఇక్కడే.

ముందు మీ తేదీ. 1916 వేసవిలో ఫ్రాన్సు కందకాల్లో ఇండియన్ పదాతి లేదు. 1914 శరత్తులో వచ్చిన దళాల్ని 1915 చివరికల్లా మెసపొటేమియా వైపు తరలించారు. అశ్వికదళం మాత్రం 1918 దాకా ఉంది. కథని 1915 శరత్తుకి జరపండి. జరిపితే ఇనుప హెల్మెట్ తీసేయాలి. ఫ్రెంచివాళ్ళకి ఏడ్రియన్ హెల్మెట్ 1915లో వచ్చింది, బ్రిటిష్ దళాలకి అందరికీ అందింది 1916లో, జర్మన్ల ఉక్కు హెల్మెట్ కూడా 1916లోనే. మీవాళ్ళ తలమీద గుడ్డే. విషవాయువు పెట్టొచ్చు. బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు క్లోరిన్ వదిలింది 1915 ఏప్రిల్ 22న.

తూటా శబ్దం. "తుపాకీ పేలిన మోత విని వంగాడు, తూటా తలమీంచి పోయింది" అన్నది తిరగేసి రాయాలి. బ్రిటిష్ రైఫిల్ .303 తూటా గొట్టం వదిలేటప్పుడు వేగం సెకనుకి సుమారు 740 మీటర్లు, శబ్దం వేగం 340. 600 మీటర్ల దూరం నుంచి కాలిస్తే తూటా సెకను పైచిలుకులో వచ్చేస్తుంది, మోతకి సెకనుంముప్పావు పడుతుంది. ముందు చెవి పక్కన కొరడా ఝళిపించినట్టు చప్పుడు, తర్వాత దూరంగా "ధబ్". తగిలినవాడికి రెండోది వినబడకపోవచ్చు. ఆ అర సెకను ఖాళీలో ఒక మంచి వాక్యం పడుతుంది.

బ్రిటిష్ రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్‌లో 10 తూటాలు, అయిదేసి క్లిప్పులు రెండు. ప్రతి తూటాకీ బోల్టు లాగాలి. ఆధునిక యుద్ధం రాసేవాళ్ళకి: ఏకే-47 నిమిషానికి 600 చొప్పున కాలుస్తుంది, 30 తూటాల మ్యాగజీన్ ట్రిగ్గర్ నొక్కిపెడితే 3 సెకన్లలో ఖాళీ. పేజీన్నర పాటు ఆగకుండా కాల్చే వీరుడు మ్యాగజీన్ ఎప్పుడు మార్చాడు?

మిల్స్ గ్రెనేడ్ పిన్నుని పళ్ళతో లాగిస్తే పళ్ళు ఊడతాయి. పిన్ను లాగితే లెక్క మొదలవదు. మీట చేతిలోంచి వదిలాకే మొదలవుతుంది. మొదట్లో 7 సెకన్ల ఫ్యూజు, తర్వాత 4 చేశారు. పిన్ను తీసేసిన గ్రెనేడ్‌ని మీట నొక్కిపట్టుకుని ఎంతసేపైనా కూర్చోవచ్చు. భయం కావాలంటే అక్కడుంది.

గాయాలు. తొడలో పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. స్పృహ అంతకంటే ముందే పోతుంది. ఈలోగా అమ్మకి, ఊరికి, దేశానికి విడివిడిగా వీడ్కోలు చెప్పే తీరిక ఉండదు. కడుపులో గాయమైనవాడికి నీళ్ళు పట్టకూడదని స్ట్రెచర్ మోసేవాళ్ళకి నేర్పేవారు. "చివరి గుక్క నీళ్ళు" దృశ్యం రాయాలనుకుంటే, అతను అడుగుతూనే ఉండటం, వీళ్ళు ఇవ్వకపోవడం రాయండి.

మార్జిన్‌గీత
@తూటామందు, నీళ్ళివ్వని దృశ్యం ఒక్కటి పది పీనుగుల పెట్టు.

బరువులు కూడా చేర్చండి. వియత్నాం యుద్ధం మీద టిమ్ ఓబ్రియన్ రాసిన 1990 పుస్తకం "ది థింగ్స్ దే కేరీడ్"లో అదే పేరున్న కథంతా సిపాయిలు మోసిన వస్తువుల బరువులతో నడుస్తుంది. హెల్మెట్ 5 పౌన్లు, రేడియో బ్యాటరీతో కలిపి 26 పౌన్లు, ఇలా. జ్ఞాపకాలూ ప్రేమలేఖలూ అదే పట్టికలో కలిసిపోతాయి, వాటికీ బరువుంటుంది. అయితే వివరం ఇవ్వడానికి ఒక హద్దుంది. ఆ క్షణంలో పాత్ర చేతికో చెవికో తగిలేదే రాయాలి. లైన్‌మన్‌కి తుపాకీ గొట్టం కొలత అక్కర్లేదు, తీగ ఎంత మందమో కావాలి. మ్యూజియం చీటీలా వివరాలు గుచ్చితే పాఠకుడు కథ వదిలేసి తుపాకుల్ని చూస్తాడు.

కొత్తచిగురు
తేదీ మార్చేశాను: 1915 అక్టోబరు. హెల్మెట్లు తీసేశాను. వినేవాడి పాత్ర పెట్టడం నచ్చింది. మార్జిన్‌గీత గారన్న "ఒకే పని" మాత్రం ఇంకా దొరకలేదు. అతికించడం వీరం, సరే. అదే పని భయంకరం ఎలా అవుతుంది?

తూటామందు
దొరికింది, మీ తీగలోనే ఉంది. అప్పటి లైన్లు చాలామటుకు ఒంటి తీగవి. కరెంటు తిరిగొచ్చేది భూమి గుండా. భూమిలోకి పోయిన సంకేతాన్ని అవతలివాడు నేలలో చువ్వలు దిగ్గొట్టి, పెంచే యంత్రం పెట్టి వినొచ్చు. జర్మన్లు 1915 నుంచే ఈ పని మొదలుపెట్టారు. దళాలు మారే వేళలు, దాడి ఆజ్ఞలు ఇలా బయటపడ్డాయి. విరుగుడుగా ఇలా చాటుగా వినడానికి వీలుకాని ఫుల్లర్‌ఫోన్ అనే యంత్రం 1916 నుంచి వాడకంలోకొచ్చింది, మీ అక్టోబరుకి అందదు. అంటే ఇతను ప్రాణం ఒడ్డి అతికించిన తీగలో పోయే మొదటి మాట శత్రువుకీ వినబడుతుంది.

చుక్కాని
అబ్బ! అదే మీ బకెట్.

ఎదురుప్రశ్న
బాగుంది, కానీ ఇది చివరి వాక్యంలో పేల్చే మందుపాతర అవుతుందేమోనని భయం. "అయ్యో, శత్రువు విన్నాడు!" అని ముగిస్తే కథ మొత్తం ఆ ఒక్క చమత్కారం కోసం రాసినట్టు అవుతుంది. రెండోసారి చదవడానికి ఏమీ మిగలదు.

మార్జిన్‌గీత
ఎదురుప్రశ్న పట్టింది సరైన చోటే. వింటున్నారన్న సంగతి పాఠకుడికి మొదటి మూడోవంతులోనే తెలియాలి, 700 పదాల లోపు. లైన్‌మన్‌కి తెలియకూడదు. ఫోను దగ్గర కూర్చున్నవాడికి అనుమానం ఉండాలి: నిన్న దళం మారే వేళకే సరిగ్గా గుళ్ళు పడ్డాయి, మొన్నా అంతే. ఇక లైన్‌మన్ వేసే ప్రతి అడుగుకీ పాఠకుడు రెండు కోరికల మధ్య నలుగుతాడు. అతికించాలి, అతికించకూడదు. పొగడ్త మాట ఒక్కటి లేకుండానే అతని తెగువ పెరుగుతుంది, ఆ పెరిగినకొద్దీ మనకి దడ.

నా లెక్కలో 700 పదాలు తీగ తెగడం, అనుమానం. 1,300 పాకడం, అతికించడం. చివరి 500 లైను కలిశాక. ఆఖరి భాగంలో కొత్త సమాచారం వద్దు.

కొత్తచిగురు
ముగింపులో ఇంటికి వెళ్ళే ఉత్తరం పెడదామనుకున్నాను. "మీ వాడు వీరమరణం పొందాడు" అని.

చుక్కాని
ఉత్తరం ముగింపు నలిగిపోయింది. పత్రం పెట్టండి, ఉత్తరం కంటే పొడిగా ఉంటుంది. "ఉస్నే కహా థా" ఆఖరున అచ్చయిన మృతుల జాబితాలోని ఒక పంక్తి ఉంటుంది: జాబితా సంఖ్య, గాయాలతో మరణం, రెజిమెంటు, హోదా, పేరు. ఇంకేం లేదు. బ్రిటిష్ సిపాయిల ఇళ్ళకి వెళ్ళింది బి.104-82 అనే అచ్చు ఫారం. పేరు, నంబరు, తేదీ కోసం ఖాళీలు వదిలి ఉండేవి, గుమాస్తా నింపేవాడు.

ఉత్తరమే కావాలంటే సెన్సారుని వాడుకోండి. ఫ్రాన్సు నుంచి ఇండియన్ సిపాయిలు రాసినవి సెన్సారువాళ్ళు చదివి పంపేవారు. అది తెలిసి కొందరు "నల్ల మిరియాలు అయిపోవచ్చాయి, ఇప్పుడు ఎర్ర మిరియాలు వాడుతున్నారు" అన్న ధోరణిలో రాశారు. నల్లవి మనవాళ్ళు, ఎర్రవి తెల్ల సిపాయిలు. చావుల లెక్క వంటింటి మాటల్లో ఇంటికి చేరింది.

ధ్వనిపక్షం
పతకంతో ఇచ్చే ప్రశంసాపత్రం కూడా ఒక రూపమే. పరమవీర చక్ర 1950 జనవరి 26న ఏర్పాటైంది, ఇప్పటిదాకా 21 మందికి వస్తే 14 మందికి మరణానంతరం. అలాంటి పత్రాల్లో ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశాడు, దానివల్ల ఏమైంది అన్నవే ఉంటాయి. అబద్ధం ఒక్కటి రాయకుండా అదే పద్ధతిలో ఈ లైన్‌మన్ మీద పది వాక్యాలు రాసి చూడండి. మీ కథలో ఉండి అందులో లేనిదేదో, అదంతా మీరు పండించాల్సిన భాగం. పత్రాన్ని కథలో పెట్టకపోయినా కసరత్తుగా పనికొస్తుంది.

నిర్వాహకులు
చర్చ బాగుంది. పతకాల వివరాలకి విడి చర్చ తెరవమని ఇద్దరు అడిగారు, తెరిచాం. ఇక్కడ కథ మీదే ఉండండి.

కొత్తచిగురు
పాకే భాగం తిరగరాశాను. పాతది ఇలా ఉండేది:

"భీకరమైన ఫిరంగి మోతలు దిక్కులు పిక్కటిల్లజేస్తుండగా, ప్రాణాలకు తెగించి అతను రక్తపు మడుగుల్లోంచి ముందుకు దూకాడు. ఎటు చూసినా శవాలే."

కొత్తది:

"తీగని ఎడమ అరచేతిలోంచి జారనిస్తూ పాకాడు. చాలాదూరం బురదే. ఆ తర్వాత చేతికి గుడ్డ తగిలింది. తీగ దాని కిందినుంచి పోయింది. మెల్లగా లాగాడు, రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే తీగతోపాటు ఓ బొత్తాం ఊడొచ్చింది. దాన్ని అక్కడే పెట్టి ముందుకెళ్ళాడు. కొస దొరికింది. రెండో కొస కూడా దొరికింది. రెండూ లాగి ముడేశాడు."

ఎదురుప్రశ్న
బొత్తాం చాలు, శవం అన్న మాట లేకుండానే అర్థమైంది. "దాన్ని అక్కడే పెట్టి" అన్నచోట నాకు ఆ మనిషంటే గౌరవం కలిగింది. గోడపత్రిక వాదన వెనక్కి తీసుకుంటున్నాను, ఈ ఒక్క కథకి మాత్రమే.

మార్జిన్‌గీత
"మెల్లగా", "ఇంకాస్త గట్టిగా" రెంటిలో ఒకటి ఉంచండి. మిగతాది ముట్టుకోవద్దు.

తూటామందు
ఆఖరి వాక్యం నిలవదు. షెల్ పడ్డచోట తీగ కత్తిరించినట్టు తెగదు, నడుమ ముక్కే ఎగిరిపోతుంది. కొసలు ఒకదానికొకటి అందవు, లాగితే అవతలివైపు బిగిసి ఇంకోచోట తెగుతుంది. అందుకే లైన్‌మన్ వెంట తీగచుట్ట ఉంటుంది. పై తొడుగు గీకి లోపలి తీగ బయటపెట్టాలి, రెండు కొసలకీ రీఫ్ ముడి వేయాలి, మిగిలిన పోగుల్ని మెలేసి చుట్టాలి, పైన టేపు. ముక్క అతికిస్తే ఈ పని రెండుసార్లు. చలికి వేళ్ళు కొంకర్లుపోతే టేపు కొస దొరకదు. పళ్ళతో తీగలు కరిచిపట్టి చనిపోయే లైన్‌మన్ వీరగాథల్లో అరిగిపోయాడు, ఆ జోలికి పోవద్దు.

అతికించాక చేతిఫోను తగిలించి రెండువైపులా పిలిచి చూస్తాడు. వెనకనుంచి జవాబొచ్చి ముందునుంచి రాకపోతే, ముందు ఇంకోచోట కూడా తెగిందన్నమాట.

కొత్తచిగురు
అంటే అతను వెనక్కి రావచ్చు, లేదా ఇంకా ముందుకి వెళ్ళాలి! 2,500లో రెండో తెగు పడుతుందా?

మార్జిన్‌గీత
పడుతుంది. రెండో పేజీలో ఆకాశం వర్ణన ఉంటే తీసేయండి, తప్పకుండా ఉండే ఉంటుంది. మొదటి అతుకు పూర్తి వివరంగా రాయండి, రెండోది నాలుగు వాక్యాల్లో. చేతులకి పని తెలిసిపోయింది కాబట్టి పాఠకుడికీ తెలుసు. తిరగరాశాక మొత్తం ఇక్కడే పెట్టండి, తూటామందు గారు ముడులు లెక్కపెడతారు.